తొమ్మిదో బుట్ట

పోయిన వారం మీరు పత్రిక మూసే సమయానికి నేను ఏటిమొగ సమితి ఆఫీసులో, గోడంత మ్యాపు ముందు, చేతిలో పెన్సిలుతో నిలబడి ఉన్నాను. సాయంత్రం ఐదింటిలోగా ఆ మ్యాపు మీద మూడు గుర్తులు పెట్టాలి. గుర్తు పెట్టిన చోటల్లా మర్నాడు పొద్దున్న, నీళ్ళు బాగా తగ్గిన వేళ, తెప్ప మీదనుంచి గొట్టాలు దించి గుల్లల తిప్ప కడుపులో ఏముందో పైకి తీసి చూస్తారు. ఏరు తనంతట తాను పోసుకున్న తిప్ప అయితే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మా సమితి నిబంధన. మనుషులు పోసిన మట్టికుప్ప అని తేలితే మాత్రం తవ్విపారెయ్యొచ్చు. పెన్సిలు మొన మ్యాపుకి తగలబోతుంటే ప్యూను వచ్చి, కెప్టెను పెదనాన్న కబురు పంపాడని చెప్పాడు. గుర్తులు పెట్టేముందు ఒకసారి తన దగ్గరికి రమ్మన్నాడట. ఎందుకో చెప్పలేదట.

నేను ఆ సమితికి కార్యదర్శిని. వినడానికి దర్జాగానే ఉంటుంది. ఏరు నగరం మధ్యనుంచి వచ్చి సముద్రంలో కలిసేచోట మూడు మైళ్ళ పొడవున నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు అందరికీ కావాలి. సరుకు మోసే బార్జీల కంపెనీకి లోతు కావాలి. గుల్లలు ఏరే ఆడవాళ్ళకి లోతు లేకపోవడం కావాలి. మురుగునీటి శాఖకి తన గొట్టం మూతి దగ్గర ప్రవాహం కావాలి. పడవ పందేల క్లబ్బుకి ప్రవాహం ఉండకూడదు. ఒడ్డున కొత్త మేడలు కట్టినవాళ్ళకి నీళ్ళు కనిపించాలి కానీ వాసన రాకూడదు. వీళ్ళందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, టీలు పోయించి, అందరిచేతా సమానంగా తిట్లు తినడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా తింటున్నాను, ఒంటికి బాగానే పట్టాయి.

రెండేళ్ళు కష్టపడి వాళ్ళందరూ ఒప్పుకునే దారి ఒకటి గీశాను. మ్యాపు మీద అది పచ్చగీత. కంపెనీ అడిగినట్టు తిప్పని నరికి తిన్నగా కాలవ తవ్వకుండా, తిప్ప ఉత్తరపు ముక్కుని ఒరుసుకుంటూ పక్కనుంచి తవ్వుకుపోయే గీత. గుల్లల తిప్ప మిగులుతుంది, బార్జీలూ వెళతాయి. ఇప్పుడు తిప్ప సహజమైనదేనని గొట్టాలు చెప్పేస్తే పచ్చగీత ఖాయమైపోతుంది. గుల్లల మీద బతికే డెబ్భై కుటుంబాలు ఊపిరి పీల్చుకుంటాయి. గీత గీసిన రోజున గుల్లల అత్త నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడ ఆ ఆడవాళ్ళందరికీ పెద్ద, మా సమితిలో సభ్యురాలు కూడా.

మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని నడిచే బయల్దేరాను. రేవు పక్కనుంచి పది నిమిషాల నడక. కానీ ఆ దారిలో నేను ఎప్పుడూ పది నిమిషాల్లో వెళ్ళింది లేదు. మధ్యలో కొలత గది వస్తుంది.

ఇప్పుడది సైకిళ్ళు పెట్టుకునే కొట్టు. నా ఎనిమిదో ఏట అది మా ఇల్లు. ముందు గదిలో నాన్న ఉద్యోగం, వెనక గదిలో మా కాపురం. గది ముందు నీళ్ళలో పాతిన స్తంభానికి అంకెలు రాసిన కొలత పలక ఉండేది. పోటు పెరిగేకొద్దీ నీళ్ళు ఒక్కో అంకెనే మింగుతూ పోయేవి. ఇంటి కప్పు మీద ఓడ తెరచాప కొయ్యంత పొడుగు కొయ్య, దానికి ఒక కప్పీ, తాడు. తాడుకి వరసగా కట్టడానికి తారు పూసిన నల్లటి బుట్టలు తొమ్మిది. మొగ దగ్గర ఇసుక మెరక మీద ఎన్ని అడుగుల నీళ్ళుంటే అన్ని బుట్టలు ఎగరెయ్యాలి. సముద్రంలోంచి వచ్చే పడవలవాళ్ళు దూరంనుంచే బుట్టలు లెక్కపెట్టుకుని, రావాలో ఆగాలో తేల్చుకునేవాళ్ళు. రేడియోలు, తెరమీద అంకెలు వచ్చాక ఆ బుట్టలు పోయాయి. నన్నడిగితే అంత అందమైన ప్రభుత్వ పత్రం మళ్ళీ పుట్టలేదు.

నాన్న మాటలు తక్కువ మనిషి. కళ్ళజోడు ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకుని ఏళ్ళ తరబడి పెట్టుకున్నాడు. నేను గట్టుమీద వంగి పలక మీద అంకె గట్టిగా అరిచేదాన్ని, ఆయన లోపల తాడుకి బుట్టలు కట్టేవాడు. నేను "ఏడు" అని అరిస్తే కప్పీ కిర్రుమని మోగేది. ఆ చప్పుడు కోసం నేను బడినుంచి పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా కప్పీ కిర్రుమంటే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి, ఏంచెయ్యను.

ఒకరోజు నాన్నకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అమ్మ మందుకి వెళ్ళింది. మొగ బయట, బార్జీల్ని లాగే టగ్గు కూత వేసింది, దారి చెప్పమని. నాన్నని లేపబుద్ధి కాలేదు. నేనే గట్టుమీదికి వెళ్ళి పలక చూశాను. తొమ్మిది. నేనే లోపలికొచ్చి తొమ్మిది బుట్టలూ కట్టాను, తాడుకి వేలాడినంత పని చేసి పైకి లాగాను. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. కాసేపటికి గిడ్డంగుల గోడ అవతలనుంచి టగ్గు మూడుసార్లు పొడుగ్గా కూసింది. అది నాకోసమేననుకున్నాను. నాన్న దుప్పటి కప్పుకుని బయటికొచ్చాడు, తలెత్తి కొయ్యవైపు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత మెట్టుమీద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ పూటంతా ఒళ్ళోంచి దించలేదు. మర్నాడు సగం ఎరుపు, సగం నీలం ఉండే పెన్సిలు ఒకటి తెచ్చిచ్చాడు. రేవులో అందరూ నన్ను బుట్టలపిల్ల అనడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

నా జీవితంలో మంచి రోజు ఏదని ఎవరైనా అడిగితే, ఉద్యోగం వచ్చిన రోజో పెళ్ళయిన రోజో చెప్పాలి కాబట్టి చెబుతాను కానీ, నిజానికి అదీ.

కెప్టెను పెదనాన్న మాకు చుట్టం కాదు. నాన్న స్నేహితుడు. నలభై ఏళ్ళు ఏటిలో పూడిక తీసే డ్రెడ్జరుని, దాన్ని లాగే టగ్గునీ నడిపాడు. ఏటి అడుగు ఎక్కడ ఎలా ఉంటుందో ఆయనకి తన అరచేయి తెలిసినట్టు తెలుసు. ఇప్పుడు తాళ్ళ కొట్టు వెనక రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. ఎనభై మూడేళ్ళు. గోడకి పాత గొలుసులు, కిటికీలో దుర్భిణీ, మంచం కింద బూట్లు. ఆ బూట్లు వేసుకుని ఎక్కడికి పోదామనో నాకు తెలియదు, రోజూ తుడుస్తాడు.

ఆయన గుమ్మం ముందు మెట్టుకి బదులు ఒక బండరాయి ఉంటుంది. దిండులా ఉబ్బి, అంచులు గుండ్రంగా, పైన గోనె నేత అచ్చు పడ్డ రాయి. చిన్నప్పుడు దానిమీద కూర్చుని ఆ గళ్ళలో వేలు పెట్టి లెక్కలు చేసుకునేదాన్ని. రాయికి గోనె నేత ఎలా వచ్చిందని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. తెలివితేటలు అలా ఉన్నాయి.

ఆయన టీ పెట్టాడు. పంచదార ఎక్కువేశాడు, నాకు ఇప్పటికీ ఎనిమిదేళ్ళే అన్నట్టు. నా ఆరోగ్యం, మా ఆయన నడుమునొప్పి, పడవ పందేల క్లబ్బువాళ్ళ అరుపులు, అన్నీ అడిగాడు. అసలు సంగతి దగ్గరికి మాత్రం రావడం లేదు. ముక్కుసూటిగా మాట్లాడే మనిషి నీళ్ళు నములుతుంటే నాకే ఇబ్బందిగా ఉంది. చివరికి గుర్తులు ఎక్కడ పెడుతున్నావని అడిగాడు. దక్షిణాన ఒకటి, నడుమ ఒకటి, ఉత్తరపు ముక్కు మీద ఒకటి అని చెప్పాను.

"ముక్కు మీద వద్దమ్మడూ. మిగతా చోట్ల ఎక్కడైనా పెట్టుకో."

ఎందుకని అడిగాను. అక్కడ నీళ్ళ లాగుడు ఎక్కువట, తెప్ప నిలవదట. పాటు ఆఖరులో, నీళ్ళు కదలకుండా ఆగే ముప్పావు గంటలో దించుతామన్నాను. అయితే అక్కడ ఒట్టి బురదట, గొట్టం ఊరికే దిగిపోతుందట. నాకు ఒళ్ళు మండింది. ఏటి గురించి ఆయన నాకు అబద్ధం చెప్పిన మొదటిరోజు అది. ఆయన చెప్పే తీరులోనే అది అబద్ధమని తెలిసిపోతోంది, చేతకాని అబద్ధం. ఏం దాస్తున్నావని గట్టిగానే అడిగాను, ఆ తిప్ప మీద డెబ్భై ఇళ్ళు ఆధారపడ్డాయని కూడా అన్నాను. ఆయన టీ గ్లాసు వైపే చూస్తూ, ఆ ఇళ్ళ కోసమే చెబుతున్నానన్నాడు. మిగతా తిప్పంతా నలభై ఏళ్ళ ఒండ్రు కప్పేసిందట, ఎక్కడ గొట్టం దించినా ఏటి మట్టే వస్తుందట. ముక్కు ఒక్కటీ వదిలేస్తే తిప్ప బతుకుతుందట.

అంటే తిప్ప ఏరు పోసింది కాదా అని అడిగాను.

"నేను పోశాను," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. మూడు నెలలపాటు రోజూ, సముద్రంలో ఆరు మైళ్ళ అవతల పారబొయ్యాల్సిన పూడిక మట్టిని తీసుకెళ్ళి అక్కడ పోశాడట. కాగితాల మీద సముద్రమే రాశాడట. దేన్ని కప్పెట్టడానికి పోశావని నేనడగలేదు, ఆయనే గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను. గోనె నేత రాయి మీద ఎండ పడుతోంది.

అది సిమెంటు బస్తా. కరకట్ట గోడకని శాఖవాళ్ళు తెప్పించిన బస్తాలు నిండా వేసుకుని, టగ్గు వెనక లాక్కొస్తున్న బార్జీ మెరక మీద తగులుకుంది. నిండు పోటు. అక్కణ్ణుంచి నీళ్ళు తగ్గడమే కానీ పెరగడం ఉండదు. గంట తిరక్కుండా బార్జీ నడుం విరిగింది. నీళ్ళు ఇంకొంత తగ్గాక మనుషులు నలుగురూ పీకల్లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చేశారు, ఒకడి చెప్పులు తప్ప ఏమీ పోలేదు. సిమెంటు మాత్రం మెరక పక్కనున్న లోతులోకి జారి, నీళ్ళు తాగి అక్కడే రాయైపోయింది. బార్జీ మొగ బయట గాలివానకి మునిగిందని పెదనాన్న రిపోర్టు రాసిచ్చాడు. తర్వాతెప్పుడో ఒక్క బస్తా డ్రెడ్జరు గంపలో పైకొస్తే ఇంటికి తెచ్చుకుని గుమ్మంలో వేసుకున్నాడు. రోజూ తొక్కుకుంటూ పోవాలని వేసుకున్నాడట.

నేను ఆలోచించింది మాత్రం సిమెంటు గురించి కాదు. నా చిన్నప్పటి జ్ఞాపకాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను. మోకాళ్ళదాకా బురదలో అమ్మతో కలిసి గుల్లలు ఏరడం, గుల్లల అత్త మా అందరికీ పాటలు చెప్పడం, తిప్ప మీద కొంగల్ని తరమడం. ఎంత వెనక్కి వెళ్ళినా నాకు తొమ్మిదేళ్ళు, పదేళ్ళు. అంతకుముందు తిప్ప లేదు. అనాదిగా ఉందని మీటింగులో బల్ల గుద్ది చెప్పిన తిప్ప నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది.

ఏం పాలుపోక మ్యాపు విప్పాను. ముక్కు ఎక్కడో, బార్జీ ఎక్కడో వేలు పెట్టి చూపించమన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. వేలు ముక్కు దగ్గరదాకా వచ్చి ఆగిపోయింది.

"ఈ పచ్చగీత ఏమిటి?"

కొత్త కాలవ అని చెప్పాను. నేనే గీశానని కూడా గర్వంగానే చెప్పాను, ఇంకా నాకు అర్థం కాలేదు. ఎంత లోతు తవ్వుతారన్నాడు. పదమూడు అడుగులన్నాను. ఏ బార్జీలు వెళతాయన్నాడు. ఎక్కువగా నూనె బార్జీలు, నిండుగా వస్తే పన్నెండడుగులు మునుగుతాయన్నాను. ఆయన కళ్ళజోడు తీసేసి మంచం మీద కూర్చున్నాడు. మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టు కనిపించాడు.

సిమెంటు రాయి పదమూడు దాటిన చోట మొదలవుతుందట. తవ్వేటప్పుడు తగలదు. తవ్వాక దానిమీద చారెడు బురద మిగులుతుంది, ఒక్క వానాకాలంలో అదీ కొట్టుకుపోతుంది. నిండు బార్జీ అల మీద కొంచెం కిందికి వాలిందంటే చాలు, అడుగు చీలిపోతుంది. తర్వాత ఏటిలో గుల్లలూ ఉండవు, కొంగలూ ఉండవు, మూడు మైళ్ళ పొడవునా నూనె ఉంటుంది. కబురు పంపేటప్పుడు ఆయనకి పచ్చగీత సంగతి తెలియదు. ముక్కు మీద గుర్తు తప్పిస్తే చాలు, ఈ రహస్యం తనతో పోతుందనుకున్నాడు.

గుర్తు పెడితే గొట్టానికి సిమెంటు తగులుతుంది, మట్టికుప్పేనని తేలుతుంది, కంపెనీ తిప్పని నరుకుతుంది. పెట్టకపోతే తిప్ప ఉంటుంది, నా గీత మీదుగా ఏదో ఒకరోజు బార్జీ వచ్చి తగులుతుంది. గీత జరుపుదామంటే ఎందుకో చెప్పాలి, చెబితే మళ్ళీ మట్టికుప్పే. రెండువైపులా గుల్లల అత్తే నిలబడి ఉంది.

కోపం వస్తే ఎవరిమీదో ఒకరిమీద పడాలి కదా. నాకు నాన్న మీద వచ్చింది. పోయి తొమ్మిదేళ్ళయిన మనిషి మీద.

"నీళ్ళు లేకపోయినా ఉన్నాయని చూపించింది బుట్టలేగా, పెదనాన్నా. నువ్వు బుట్టలు చూసేగా వచ్చావు. అంటే నాన్న తప్పు చదివాడు. ఆయన ఉద్యోగం పోకూడదని నువ్వు ఏటినే మార్చేశావు. నాకు నలభై ఏళ్ళు కథలు చెప్పారు, ఇద్దరూ కలిసి."

పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. మీ నాన్న ఒక్కరోజు కూడా తప్పు చదవలేదన్నాడు. ఆ స్తంభం పాతిన కొన్నేళ్ళకే బురదలో ఒక అడుగు దిగబడిపోయిందట. పైకి లేపించమని మీ నాన్న రాసిన ఉత్తరాలకి లెక్కలేదు, ఎవరూ రాలేదు. అందుకని పలక మీద తొమ్మిదుంటే ఎనిమిది, ఎనిమిదుంటే ఏడు బుట్టలు కట్టేవాడు. మునిగిన అడుగు తీసెయ్యడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత అలవాటు, ఎవరికీ చెప్పాల్సిన పనే పడలేదు. పలక మీద అంకెని ఉన్నదున్నట్టు నమ్మేవాళ్ళు కొలత గదిలో ఎవరూ లేరు.

బయట తాళ్ళ కొట్టులో ఎవరో తాడు కొలుస్తూ మూరలు లెక్కపెడుతున్నారు. నేను అంకె అరిచేదాన్ని, నాన్న లోపల బుట్టలు కట్టేవాడు. ఎన్ని కట్టేవాడో నేను ఎప్పుడూ చూడలేదు. నా చూపు పైకి వెళ్ళే కప్పీ మీద ఉండేది.

"ఆ రోజు మీ టగ్గు కూసిన మూడు కూతలు..." అన్నాను.

"తగులుకున్నాం, సాయం రండి అని," అన్నాడు పెదనాన్న. "ఎనిమిదేళ్ళ పిల్లవి. బళ్ళో చెప్పినట్టే చదివావు. అంకె తొమ్మిది, బుట్టలు తొమ్మిది. నీ తప్పేముంది తల్లీ. మీ నాన్న సాయంత్రం జ్వరంతోనే నా దగ్గరికి నడిచొచ్చాడు. ఉద్యోగం పోతే పోనీ, నిజం రాసెయ్యమన్నాడు. రాస్తే విచారణ వస్తుంది, బుట్టలు ఎవరు కట్టారని నిన్ను పిలిచి అడుగుతారు. నేనే వద్దన్నాను."

నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది, నలభై ఎనిమిదేళ్ళ ఆఫీసరమ్మని ఆ గోనె నేత రాయి మీద కూర్చుని, చిన్నప్పుడు కూర్చున్నట్టే కూర్చుని ఏడ్చాను. నాన్న ఆ పూటంతా నన్ను ఒళ్ళోంచి దించలేదు. గోడ అవతల ఏం జరుగుతోందో నేను చూడకూడదని దించలేదు. ఎర్రనీలం పెన్సిలు కొనడానికి వెళ్ళిన మనిషి ఒంట్లో ఇంకా జ్వరం ఉంది. నా మంచి రోజుని ఆయన బతికినన్నాళ్ళూ అలా మోశాడు, ఒక్కసారి కూడా భుజం మార్చుకోలేదు.

ఆ తర్వాత కొయ్యమీద ఎప్పుడూ ఎనిమిదికి మించి బుట్టలు లేవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు తొమ్మిదడుగులున్న రోజున కూడా నాన్న ఎనిమిదే ఎగరేసేవాడు. పడవలవాళ్ళు గంటసేపు బయటే ఆగి, నీళ్ళ దగ్గర కూడా పిసినారే ఈయన అని నవ్వుకునేవాళ్ళు. తొమ్మిదో బుట్ట ఏమైందని పెదనాన్నని అడిగాను.

"రోజూ చూస్తూనే ఉన్నావుగా. గుల్లల అత్త చంకలో."

మట్టి కుదురుకున్నాక, మరుసటి ఏడు, నాన్న ఆ బుట్ట నిండా పిల్ల గుల్లలు పోసి అత్త చేతికిచ్చాడట. ఈ బురదలో చల్లి చూడమన్నాడట. అప్పుడావిడ కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్ల, తినడానికి లేని ఇల్లు. చల్లింది. గుల్లలు పట్టాయి. బుట్ట మళ్ళీ కొయ్యెక్కకూడదని, ఉంచేసుకోమని నాన్న చెప్పాడట.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఐదుకి పది నిమిషాలు తక్కువ. ఈసారి కొలత గది దగ్గర ఆగలేదు. ఆగితే కదలగలనన్న నమ్మకం లేదు.

బల్ల దగ్గర, గుర్తులకి సంతకం పెట్టాల్సిన ఇద్దరు సభ్యులూ వచ్చి కూర్చున్నారు. కంపెనీ ఇంజనీరు మర్యాదస్తుడు, నలగని చొక్కా, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనతో పోట్లాడటం అందుకే కష్టం. ఎదురుగా గుల్లల అత్త. ఒళ్ళో నల్లటి బుట్ట. అంచు ఊడితే చేపల తాడుతో కుట్టుకుంది, అడుగున కొత్త తారు పూసుకుంది. ఎన్ని వేలసార్లు చూశానో ఆ బుట్టని. ఒకప్పుడు దాన్ని తాడుకి కట్టింది నా చేతులే.

మ్యాపు గోడకి తగిలించాను. దక్షిణాన ఒక గుర్తు పెట్టాను. నడుమ ఒకటి పెట్టాను. మూడోదానికి పెన్సిలు ముక్కు దగ్గరికి తెచ్చాను. ముక్కుకి పది బారల ఇవతల పెడితే ఎవరికీ తెలియదు. తిప్ప బతుకుతుంది, నాన్న పేరు ఉంటుంది, నా పచ్చగీతకి అందరూ చప్పట్లు కొడతారు. ఆ గీతని నమ్ముకుని, మెరక మీద నీళ్ళున్నాయనుకుని, ఎవరో ఒక కెప్టెను నిండు బార్జీతో వస్తాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, పలక సంగతి తెలియదు. ఇప్పుడు తెలుసు.

గుర్తు ముక్కు మీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టానేమో, కాగితం చిరిగింది.

ఇంజనీరు పక్కన సంతకం చేశాడు. ఈ ఇద్దరూ సంతకం పెడితేనే గుర్తులు చెల్లుతాయి. అత్త లేచి వచ్చింది. బుట్ట చంకలోనే ఉంది. మ్యాపు వైపు చూడను కూడా చూడలేదు, నా మొహంలోకి చూసి నవ్వింది, పెన్ను తీసుకుంది.

"నాకు మ్యాపులేం తెలుస్తాయమ్మా. మీ నాన్న బుట్టలు చూసి నీళ్ళలో దిగినదాన్ని. నువ్వు ఎక్కడ పెడితే అదే."

పెన్ను కాగితానికి ఆనింది. ఆ రోజు టగ్గు మీద నిలబడి, దూరంగా తొమ్మిది బుట్టలు లెక్కపెట్టుకుని, పెదనాన్న కూడా ఇలాగే నవ్వుకుని ఉంటాడు.

నేను అత్త మణికట్టు పట్టుకున్నాను.

"ఆగత్తా. సంతకం పెట్టకు. ఆ బుట్ట మా నాన్న నీకెందుకిచ్చాడో ముందు నేను చెప్పాలి."

ఇంజనీరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆయన్ని బయటికి వెళ్ళమని అనొచ్చు, ఆ హక్కు నాకుంది. అనలేదు.